ఆటుపోట్లు ఉపమానం కాదు

తెలుగులో ‘ఆటుపోట్లు’ అన్న మాట చివరిసారి ఎక్కడ చదివారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. షేర్ మార్కెట్లో ఆటుపోట్లు, సినిమా తార జీవితంలో ఆటుపోట్లు, అమెరికా వచ్చిన కొత్తలో మనం పడ్డ ఆటుపోట్లు. సముద్రం రోజుకి రెండుసార్లు ఏటి మొగలోంచి లోపలికి పొడుచుకొచ్చి మళ్ళీ వెనక్కి తీస్తుందన్న అసలు అర్థంలో ఆ మాట అచ్చులో కనిపించటం అరుదైపోయింది. ‘ఉప్పెన’ సంగతీ అంతే. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకున్న దానికి పేరు ఉప్పెన. ఇవాళ ఎన్నికల సభకి జనం వస్తే ఉప్పెన, కొత్త సినిమాకి అభిమానులు వస్తే ఉప్పెన.

మాటలు అర్థాలు మార్చుకోవటం సహజమే, దానికి ఏడవక్కర్లేదు. కాని ఒకే చోటుకి చెందిన మాటలన్నీ ఒక్కసారిగా ఉపమానాలైపోతే, ఆ చోటు మన చూపులోంచి తప్పుకుందేమోనని అనుమానించాలి. సముద్రానికీ పొలానికీ మధ్య ఒక నేల ఉంది. పోటుకి మునుగుతుంది, ఆటుకి తేలుతుంది. అందులో మడ, తిల్ల, ఉప్పుపొన్న, గుగ్గిలం, దబ్బగడ్డి పెరుగుతాయి. మన సాహిత్యం ఆ నేలమీది మాటల్ని తెచ్చుకుని నేలని మాత్రం అక్కడే వదిలేసింది. అలా వదిలెయ్యటం కేవలం సాహిత్య విషయం కాదని, దాని ఖరీదు ఆ నేల చెల్లిస్తోందని ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను. ఇందుకు రెండు పరాయి భాషా పుస్తకాల్ని దగ్గర పెట్టుకుంటాను. ఒకటి అమితవ్ ఘోష్ 2004లో ప్రచురించిన ‘ది హంగ్రీ టైడ్’ నవల. రెండోది రేచల్ కార్సన్ 1955లో రాసిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ది సీ’.

*

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. కావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు పెద్దలు. దండి చెప్పిన జాబితాలో నగరం తరవాత వెంటనే వచ్చేది అర్ణవం, అంటే సముద్రం. శైలముంది, ఋతువులున్నాయి, చంద్రోదయ సూర్యోదయాలున్నాయి, ఉద్యానముంది, జలక్రీడ కూడా ఉంది. అంటే సముద్రం ఉంది, తోట ఉంది, రెంటికీ మధ్యనున్న బురద లేదు. సముద్రమంటే గంభీరం, తోటంటే శృంగారం. బురదకి ఏ రసం కేటాయించాలో ఆలంకారికులకి తోచలేదు.

అలాగని తీరంలోని మొక్కలు మన కవులకి బొత్తిగా తెలియవని కాదు. మొగలిపువ్వు లేని కావ్యమెక్కడుంది? కేతకి పరిమళం, కేతకి ముళ్ళు, కేతకి మీద వాలిన తుమ్మెద, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా మొగలిపొద కాచుకునే ఇసకదిబ్బ. ఆ దిబ్బని కదలకుండా పట్టి ఉంచేది మొగలి ఒక్కటే కాదు. చెవులపిల్లితీగ, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ళగడ్డి కూడా దానితో పాటు కాపలా కాస్తాయి. పువ్వుని కోసుకొచ్చాం, దిబ్బని తెచ్చుకోలేదు.

తమిళులు ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందున్నారు. సంగం కవిత్వం నేలని అయిదు తిణలుగా విభజించింది. అందులో ‘నెయ్దల్’ అచ్చంగా సముద్రతీరం, విరహానికి నెలవు. అదీ ఉపమానమేగా అంటారేమో. ఉపమానమే, అయితే చూసి చేసిన ఉపమానం. ఏ పువ్వు ఏ నీళ్ళలో పూస్తుందో, ఏ పిట్ట ఏ చెట్టుమీద వాలుతుందో తెలియకపోతే ఆ పద్యం నడవదు. చిదంబరం ఊరికి పాత పేరు తిల్లై. అది మన తిల్లచెట్టు పేరే. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని మడల్లో కట్టెలు కొట్టినవాళ్ళకి బాగా తెలుసు. అటువంటి చెట్టు నటరాజస్వామి గుడికి స్థలవృక్షమైంది. ఇప్పుడు ఆ చెట్టుని చూడాలంటే దగ్గర్లోని పిచ్చావరం మడ అడవికి వెళ్ళాలి. అడవి ఊళ్ళోంచి వెళ్ళిపోయినా పేరు పద్యాల్లో మిగిలింది.

మనకి అలా మిగిలిందేమిటి? మన సాహిత్యంలో గోదావరి చాలావరకు ధవళేశ్వరం దగ్గర కాలవల్లో కలిసిపోతుంది, సముద్రందాకా వెళ్ళదు. ప్రవాసులం రాసే కథల్లో అయితే మరీను. కోనసీమ అంటే కొబ్బరిచెట్లు, పడవ, అమ్మమ్మగారి ఊరు. కొబ్బరితోట దాటి ఇంకో రెండు కోసులు నడిస్తే వచ్చే పర్రభూమి, ఉప్పుటేరు, మడచెట్టు ఎవరి అమ్మమ్మగారి ఊళ్ళోనూ ఉన్నట్టు కనిపించవు.

*

ఇక ‘ది హంగ్రీ టైడ్’. సుందరబనాల మీద వచ్చిన ఈ నవల గురించి చాలామంది రాశారు. మన పాఠకులకి ప్రత్యేకంగా పట్టే విషయం ఒకటుంది. కథానాయిక పియా మనలాంటి వాళ్ళ పిల్ల. బెంగాలీ తల్లిదండ్రులకి పుట్టి సియాటిల్లో పెరిగింది, డాల్ఫిన్ల శాస్త్రవేత్త. బెంగాలీ రాదు. ఆవిడ చేతిలో జీపీఎస్, బైనాక్యులర్స్ ఉన్నాయి, కాని దారి చూపించేది ఫోకిర్ అనే పీతలు పట్టేవాడు. అతనికి ఇంగ్లీషూ రాదు, చదువూ లేదు. వాళ్ళిద్దరి మధ్య మాటలు మోసే మనిషి కనాయ్, ఢిల్లీలో అనువాదాల కంపెనీ నడుపుతుంటాడు. ఈ ముగ్గుర్లో ఎవరికి ఆ నేల ఎంతవరకు తెలుసు అన్నదే నవల.

ఘోష్ గొప్పదనం నా లెక్కలో మూడు చోట్ల ఉంది. మొదటిది, మడ అడవిని అందంగా చూపించాలని ప్రయత్నించకపోవటం. ఎత్తైన మానులు, వేలాడే లతలు, రంగురంగుల పువ్వులు వెతుక్కునే పాఠకుడికి అక్కడ దొరికేది చిక్కటి ఆకు, మోకాలిలోతు బురద, కాల్లో గుచ్చుకునే ఊపిరివేళ్ళు. రెండోది, పీతలకిచ్చిన స్థానం. రాలిన ఆకుని తిని, బురదని తవ్వి, ఆ అడవిని బతికించేవి పీతలేనని, పులి కంటే వాటిమీదే అడవి ఎక్కువ ఆధారపడి ఉందని నవల మనచేత ఒప్పిస్తుంది. పీతలు పట్టేవాణ్ణి కథకి మధ్యన నిలబెట్టటం వెనక ఉన్న తర్కం అప్పుడు అర్థమవుతుంది.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. అడవిని కాపాడటమంటే ఎవరిని తోసెయ్యటం అన్న ప్రశ్నని ఘోష్ దాటవెయ్యలేదు. దండకారణ్యం శిబిరాల నుంచి వచ్చి మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్న శరణార్థుల్ని, అది రిజర్వు అడవి అంటూ 1979లో పోలీసులతో ఖాళీ చేయించారు. నవలలో ఫోకిర్ తల్లి అక్కడే చచ్చిపోతుంది. మరోచోట ఊళ్ళోకొచ్చిన పులిని జనం చుట్టుముట్టి తగలబెడతారు. పియా తట్టుకోలేకపోతుంది. ఫోకిర్ ఆ జనంలోనే ఉంటాడు. పులులు ఏటా ఎందరు పేదల్ని చంపినా అది లెక్కలోకి రాదని, పులుల్ని కాపాడాలని పట్టుబట్టే మనలాంటి వాళ్ళకి అందులో భాగముందని కనాయ్ ఆమెతో అంటాడు. పర్యావరణం గురించి రాసేవాళ్ళు సాధారణంగా మంచి చెడ్డల్ని ముందే పంచేసుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆ సుఖం పాఠకుడికి దొరకదు.

అంతమాత్రాన నవలలో లోటు లేదని కాదు. డాల్ఫిన్లకి దక్కిన శ్రద్ధ చెట్లకి దక్కలేదు. డాల్ఫిను ఎందుకు తగ్గిపోతోందో పియా మనకి ఓపిగ్గా చెబుతుంది. రొయ్యపిల్లల కోసం వేసే సన్నకంటి నైలాన్ వల మిగతా చేపల గుడ్లనీ పిల్లల్నీ ఎలా ఊడ్చేస్తుందో కూడా నవల చెబుతుంది. కాని చెట్టుకి ఏమవుతోంది? మడచెట్టు ఉప్పునీళ్ళలో పెరిగేదే అయినా దానికి తీపినీళ్ళూ కావాలి. నది తెచ్చే కొత్త ఒండ్రు కావాలి. గంగ మీద ఫరక్కా బరాజు 1975లో మొదలయ్యాక వేసవిలో దిగువకి వచ్చే నీటి కోసం రెండు దేశాలు తగువులాడుకుంటూనే ఉన్నాయి. బంగ్లాదేశ్ వైపు సుందరిచెట్లు కొసల నుంచి ఎండిపోవటానికి ఉప్పు పెరగటం ఒక కారణమని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా అంటున్నారు. ఏ చెట్టు పేరు మీద ఆ అడవికి పేరొచ్చిందంటారో ఆ చెట్టు ఇలా ఎండిపోవటం నవలలో పెద్దగా వినిపించదు. తుపానులో మనుషులు కట్టేసుకోవటానికి చెట్టు పనికొచ్చింది. దాని కష్టం మాత్రం దానికే మిగిలింది.

ఆ చివరి తుపాను గురించి ఒక మాట. పియానీ తననీ ఫోకిర్ చెట్టుకి కట్టేసుకుంటాడు. ఆవిడ బతుకుతుంది, అతను ఆమెకి అడ్డంగా ఉండి దెబ్బతిని చచ్చిపోతాడు. కొందరికిది మెలోడ్రామా అనిపించింది. నాకు మాత్రం లెక్క సరిగ్గా వేసినట్టు తోచింది. 1999 ఒరిస్సా పెనుతుపానులో కేంద్రపడా జిల్లా ఊళ్ళని సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి 2009లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదే. మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్ళలో చావులు తక్కువ. చావులే లేవని కాదు. ముందస్తు హెచ్చరికలు అంతకంటే ఎక్కువమందిని కాపాడాయి కూడా. అడవి దేవత కాదు, అడ్డు. ఆ తేడాని నవల నిలబెట్టుకుంది.

*

రేచల్ కార్సన్ అనగానే అందరికీ 1962 నాటి ‘సైలెంట్ స్ప్రింగ్’ గుర్తొస్తుంది. పురుగుమందుల మీద యుద్ధం ప్రకటించిన పుస్తకమది. దానికి ఏడేళ్ళ ముందు వచ్చిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ది సీ’లో యుద్ధమేమీ లేదు. అట్లాంటిక్ తీరాన్ని మూడు ముక్కలుగా చూస్తుంది: ఉత్తరాన రాతిగట్టు, మధ్యలో ఇసక, దక్షిణాన ఫ్లారిడా దీవుల పగడపు తీరం. ఆ మూడో భాగంలో మడ అడవి వస్తుంది. ఎవరు ఏ నీటిగీత దగ్గర బతుకుతారు, ఎందుకక్కడే బతుకుతారు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఆవిడ పుస్తకమంతా నడుస్తుంది. విశేషణాలు తక్కువ, చూపు ఎక్కువ.

నేను ఫ్లారిడా పడమటి తీరంలో ఉంటాను కాబట్టి ఆవిడ రాసిన చెట్లు నాకు రోజూ కనిపించేవే. ఇక్కడి ఎర్రమడ మన ఉప్పుపొన్నకి దగ్గర చుట్టం. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. పొడుగాటి చిక్కుడుకాయలా వేలాడి, ఒకరోజు రాలి, నీళ్ళమీద వారాలో నెలలో తేలుకుంటూ పోయి, ఎక్కడో బురద తగిలితే వేళ్ళూనుతుంది. కార్సన్ ఈ ప్రయాణాన్ని వర్ణించిన తీరు ఆ పుస్తకంలోని మంచి ఘట్టాల్లో ఒకటి.

ప్రవాస రచయితకి ఇది దొరికితే ఇక వదులుతాడా! తల్లి ఒడిలో మొలకెత్తి, సముద్రాలు దాటి, పరాయి ఒడ్డున పాతుకుపోయిన మొలకని నేనే అంటాడు. సభలో చదివితే చప్పట్లు ఖాయం. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఆ మొలకల్లో చాలావరకు ఎక్కడా నాటుకోకుండా చచ్చిపోతాయి. నాటుకున్నది దాని గొప్పతనం వల్ల కాదు, తగిన బురద, తగిన పోటు, తగినంత తీపినీరు దొరకబట్టి. ఉపమానం మొలకని తీసుకుంది, బురదని వదిలేసింది. పైగా ఈ రాష్ట్రంలో 1950లు, 60లలో తీరం బురదని తవ్విపోసి మడల్ని పూడ్చి వాటర్‌ఫ్రంట్ ఇళ్ళు కట్టారు. అటువంటి చోట కొనుక్కున్న ఇంటి వరండాలో కూర్చుని నేను మడమొలకనని రాసుకోవటంలో ఉన్న వెటకారం మనకి తెలియాలి. కిటికీలోంచి నీళ్ళు కనిపించటానికి అడ్డంగా ఉందని ఇష్టం వచ్చినట్టు నరక్కుండా 1996లో ఫ్లారిడా ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

కార్సన్ పుస్తకంలో లోపమేమిటంటే మనుషులు లేకపోవటం. ఆవిడ తీరంలో నత్తకీ నాచుకీ ఇల్లుంది, చేపలు పట్టుకునేవాడికి లేదు. ఘోష్‌లో మనుషులున్నారు, చెట్టు వెనక్కి పోయింది. ఈ రెండు చూపుల్నీ కలిపి చూడగల పుస్తకం కోసం వెతకాలి.

*

ఇప్పుడు మన తీరానికొద్దాం. దేశంలో మడ అడవులు సుమారు 5 వేల చదరపు కిలోమీటర్లు ఉంటే ఆంధ్రప్రదేశ్‌వి 400 పైచిలుకు, ఎక్కువగా గోదావరి, కృష్ణ డెల్టాల అంచున. కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యం 1978లోనూ, కృష్ణా అభయారణ్యం 1989లోనూ ఏర్పడ్డాయి. చాలాకాలం వంటచెరుకు కోసం కొట్టారు. 1990లలో రొయ్యల చెరువులు వచ్చాయి. తీరప్రాంత నియమాల్ని దాటి తవ్విన చెరువుల్ని తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2009లో పసిఫిక్ సముద్రపు వనామీ రొయ్యకి అనుమతి దొరికాక సాగు మళ్ళీ పుంజుకుంది. ఇప్పటి చెరువులు చాలావరకు వరిచేలల్లో తవ్వినవే, అన్నిటినీ మడల ఖాతాలో రాయటం న్యాయం కాదు. అయితే ఆ రొయ్య పుట్టిల్లు అమెరికా ఖండపు ఒడ్డు, దాన్ని కొనుక్కునే పెద్ద బజారూ అమెరికాయే. మన ఫ్రీజర్లో ‘ఇండియా’ అని రాసి ఉన్న సంచి ఉంటే, ఈ కథలో మనం వట్టి పాఠకులం కాదు.

దీనికి తోడు పైన కట్టిన ఆనకట్టలు ఒండ్రుని ఆపేస్తున్నాయి. కృష్ణలో నీళ్ళు సముద్రందాకా చేరని నెలలే ఎక్కువ. ఉప్పాడలో కోత చూసినవాళ్ళకి తీరం ఎంత తొందరగా కరిగిపోతుందో చెప్పక్కర్లేదు. 2020లో కాకినాడ అంచున మడలు కొట్టి పేదలకి ఇళ్ళ స్థలాలివ్వాలన్న ప్రయత్నం కోర్టులకెక్కింది. ఇది మరిచ్‌ఝాపి ప్రశ్నే, కొత్త వేషంలో. పేదవాడికి ఇల్లు వద్దని ఎవరంటారు? కాని ఉప్పెన వస్తే మొట్టమొదట మునిగేది ఆ ఇల్లే. పేదలకి ఇవ్వటానికి అందరికీ బురదే ఎందుకు తోస్తుంది? రెవెన్యూ కాగితంలో పోరంబోకు అనో బంజరు అనో రాసుంటుంది కాబట్టి. మన సాహిత్యంలో దానికి ఆ పేరు కూడా లేదు కాబట్టి. గుడిని కొట్టాలంటే కథలు అడ్డొస్తాయి, రచ్చబండని తీసెయ్యాలంటే పాటలు అడ్డొస్తాయి. మడని కొట్టటానికి ఏ కథా అడ్డురాదు.

బాగుచేసే పని కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి కృష్ణ, గోదావరి డెల్టాల్లో పాడైన మడల్ని మళ్ళీ పెంచాయి. నేర్చుకున్న పాఠం ఏమిటంటే, నరికేసిన చోట నేల కుంగి, పోటునీరు వెనక్కి పోక నిలిచి, ఎండకి ఇగిరి ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు. ముందు చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటుకి రానూ పోనూ దారి ఇవ్వాలి. నీరు కదిలితే చెట్టు నిలుస్తుంది. ఫొటోకి మొక్క నాటి వెళ్ళిపోయే ఉత్సవాలకి, తీరమంతా సరుగుడు నాటితే చాలుననే ఆలోచనకి ఇది మంచి జవాబు.

*

సాహిత్యంలో మనకి అసలు ఏమీ లేదంటే తప్పు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఉంది. కొల్లేరు మడ అడవి కాదు, మంచినీటి సరస్సు. అయినా ఉప్పుటేరు ద్వారా సముద్రంతో ముడిపడినదే. ఒక ఊరి బతుకు నీటితో పాటు ఎలా పెరిగి తగ్గేదో, చేపల చెరువుల గట్లు లేచాక ఆ ఉమ్మడి బతుకు ఎలా చెదిరిపోయిందో చెప్పిన నవల అది. అందులో నీరు ఉపమానం కాదు, ఊరికి ఆధారం. అటువంటిది మడల నుంచి రావాలి. కృష్ణ డెల్టా మడల్లో చేత్తో పీతలు పట్టుకునే యానాదులున్నారు. ఫోకిర్ మనకి బెంగాల్ నుంచి అరువు తెచ్చుకోవాల్సిన మనిషి కాదు. ఏ కలుగులో పీత ఉందో చేత్తో తడిమి చెప్పేవాళ్ళకి తెలిసిన తెలుగు మాటలు ఇంకా మన నిఘంటువుల్లోకే సరిగ్గా రాలేదు.

ఇదంతా ప్రవాసుల సంకలనంలో ఎందుకూ అంటారా? ఒక పాత పేరు గుర్తుచేస్తాను. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలని అక్కడివాళ్ళు కోరంగీలు అన్నారు. మారిషస్‌లోనూ ఆ పేరు వినిపించింది. తెలుగు, ఆంధ్ర అన్న మాటలు పరదేశాల్లో పాకకముందే మనకి కోరింగ రేవు పేరు పెట్టారు. ఆ రేవు ఒండ్రుకీ తుపాన్లకీ పోయింది. ఆ చుట్టుపక్కల మిగిలింది మడలే. అంటే ప్రవాస తెలుగువాడి మొదటి చిరునామాల్లో ఒకటి మడ అడవి అంచు.

అందుకని ఆ అడవి మీద ఇంకో నోస్టాల్జియా కవిత రాయమని నేను అడగటం లేదు. వేళ్ళ మీద, మొలకల మీద మనం చాలా రాశాం. ఈసారి కాకినాడ వైపు వెళ్ళినప్పుడు బీచి దగ్గర ఆగిపోకుండా కోరింగ దాకా వెళ్ళి, పోటువేళకీ ఆటువేళకీ ఒకేచోట నుంచుని చూసి, కనిపించిన చెట్ల పేర్లు పడవవాణ్ణి అడిగి రాసుకు రండి. కథ తరవాత రాద్దాం. విమర్శకుడిగా నా కోరిక చిన్నది. వచ్చే సంకలనంలో ఎవరి కథలోనైనా ఒక్కచోట ‘ఆటుపోట్లు’ అన్న మాట రావాలి. అది చదివినప్పుడు నా కాళ్ళకి బురద అంటుకోవాలి.